హెచ్‌ఓ ఎల్‌హెచ్‌బీ రేక్: కోచ్‌ల మధ్య సందు తగ్గించి వెస్టిబ్యూళ్లు కలపడం ఎలా?

లూప్‌లైన్:
అందరికీ నమస్కారం. హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు బండిలో 87వ వంతు మోడల్) ఎనిమిది ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం స్టీలు) కోచ్‌ల రేక్, అంటే కలిపి నడిపే వరస, ఉంది. కప్లింగ్‌లు మామూలు లూప్ రకం, చక్రాల ట్రక్‌కే (బోగీకే) అతికి వచ్చాయి. తిన్నటి ట్రాక్ మీద బాడీకీ బాడీకీ మధ్య 15 మి.మీ. సందు ఉంది. పక్కనుంచి చూస్తే రెండు వెస్టిబ్యూళ్ల (కోచ్ నుంచి కోచ్‌కి దాటే దారి తొడుగుల) మధ్యలోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

లేఅవుట్‌లో బయటి లూప్ 572 మి.మీ. రేడియస్, లోపలిది 505. పాయింట్లు (ట్రాక్ చీలే చోట్లు) పీకో కంపెనీ స్ట్రీమ్‌లైన్ మీడియం, అంటే రేడియస్ 914. రెండు లూపులకీ మధ్య ఒక క్రాసోవర్ ఉంది. ప్లాట్‌ఫామ్ లైన్‌లోకి రేక్‌ని వెనకనుంచి నెట్టడం కూడా ఉంటుంది.

ఈ కర్వ్‌ల మీద సందు ఎంత దాకా తగ్గించొచ్చు? ట్రక్ మీది కప్లింగ్ తీసేసి ఫ్లోర్ కింద క్లోజ్ కప్లింగ్ యూనిట్ పెట్టాలంటే కొలతలు ఎక్కణ్ణుంచి తీసుకోవాలి? అన్నిటికీ కేడీలు (కేడీ కంపెనీ కప్లర్లు) పెట్టేస్తే సరిపోతుందని ఒకరన్నారు, నిజమేనా? వెస్టిబ్యూల్ దేంతో చేస్తే కోచ్ పట్టాలు తప్పకుండా ఉంటుంది?

ఆకురాయి:
అసలు బండి కొలతల నుంచి మొదలుపెట్టండి, సగం సందేహాలు అక్కడే తీరతాయి. ఎల్‌హెచ్‌బీ బాడీ పొడవు 23,540 మి.మీ., కప్లర్లతో కలిపి 24,000. అంటే రెండు బాడీల మధ్య అసలు సందు 460 మి.మీ. హెచ్‌ఓలో అది 5.3. సెంటర్ బఫర్ కప్లర్ కాబట్టి పక్క బఫర్ల గొడవ లేదు, అది మీకు కలిసొచ్చింది.

ఇక కర్వ్ సంగతి. బాడీ వెడల్పు 3,240, మోడల్‌లో 37.2 మి.మీ. 505 కర్వ్ మీద పక్కపక్క కోచ్‌ల మధ్య 31 డిగ్రీల వంపు వస్తుంది. లోపలివైపు మూలలు తగలకూడదంటే సెంటర్ లైన్ దగ్గర సందు కనీసం 10 మి.మీ. ఉండాలి. 572 మీద 8.9 చాలు, 914 మీద 5.6. ఎవరైనా 438 మీద నడిపితే 11.5 కావాలి. లెక్క ఇదీ: 24,000ని 87తో భాగిస్తే 276. దాన్ని రేడియస్‌తో భాగిస్తే కోణం రేడియన్లలో వస్తుంది. ఆ కోణంలో సగానికి సైన్ కట్టి బాడీ వెడల్పుతో గుణించండి. మీ కోచ్ వెడల్పు స్కేల్‌కి సరిగ్గా లేకపోతే వెర్నియర్‌తో కొలిచిన అంకె వేసుకోండి.

కాబట్టి 5.3 దగ్గర బిగించి వదిలేస్తే సుమారు మీటరు కంటే చిన్న రేడియస్‌లన్నిటి మీదా మూలలు గుద్దుకుంటాయి. తిన్నటి ట్రాక్ మీద దగ్గరగా ఉండి, కర్వ్‌లో విడివడే ఏర్పాటు కావాలి. ఎన్‌ఈఎం (యూరప్ మోడల్ రైల్వే ప్రమాణం) 352 పద్ధతి కామ్ యూనిట్లు చేసేది అదే. పాకెట్ (కప్లింగ్ హెడ్ దూరే గూడు) వెనక ఉన్న పిన్నులు వంపు గాడిలో నడుస్తాయి. పాకెట్ మధ్యలో ఉన్నప్పుడు బాగా లోపలికి కూర్చుంటుంది, పక్కకి తిరిగేకొద్దీ గాడి దాన్ని బయటికి తోస్తుంది. మీ 505 లూప్‌కి అర మిల్లీమీటరు వెసులుబాటు కలుపుకుంటే సందు 5.3 నుంచి 10.5 దాకా తెరుచుకోవాలి. పాకెట్ పక్కకి తిరగడం వల్లే ఒకటీ ఒకటిన్నర మి.మీ. వస్తుంది. మిగిలింది రెండు యూనిట్లూ పంచుకుంటే ఒక్కొక్కటి 2 మి.మీ. దాకా బయటికి రావాలి. కొనేముందు యూనిట్‌ని చేత్తో పక్కకి తిప్పి, ఎంత బయటికొస్తుందో కొలిచి చూడండి. త్రీడీ ప్రింట్ చేసిన వాటిలో ఈ కదలిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

కామ్ పనిచెయ్యాలంటే ఒక షరతు ఉంది. రెండు హెడ్‌లూ కలిశాక మధ్యలో కీలు లేని ఒకే కడ్డీలా బిగుసుకోవాలి. అప్పుడే ఒక కోచ్ వంపు రెండో కోచ్ పాకెట్‌ని తిప్పుతుంది. రోకో కంపెనీ 40270, ఫ్లైష్‌మన్ కంపెనీ ప్రొఫి హెడ్‌లు ఈ రకం. లూప్ కప్లింగ్ తీసి ఎన్‌ఈఎం 362 ప్రమాణం పాకెట్‌లో పెట్టినంత మాత్రాన క్లోజ్ కప్లింగ్ అయిపోదు. మధ్యలో అది మడతపడుతుంది, కామ్ ఉన్నచోటే ఉండిపోతుంది, మూలలు తగులుతాయి. తప్పేమో యూనిట్ మీదికి నెడతాం.

దక్షిణమధ్య:
కేడీ ప్రశ్నకి జవాబు పైనే సగం వచ్చేసింది. కేడీ మంచి కప్లరే, కానీ దాని నకుల్ (పట్టుకునే కొక్కెం) దగ్గరా షాంక్ (కాడ) దగ్గరా ఆట ఉంటుంది. రేక్ మధ్యలో పెడితే కామ్ సరిగ్గా తిరగదు. లాగినప్పుడు సందు పెరుగుతుంది, నెట్టినప్పుడు తగ్గుతుంది. మీరు రేక్‌ని నెడతానన్నారు కాబట్టి ఇది ముఖ్యం: తిన్నటి ట్రాక్ మీద లాగుతూ 6 అని కొలిచింది నెట్టేటప్పుడు 5 కంటే తక్కువకి దిగొచ్చు, అదీ కర్వ్ మొదట్లోనే.

రేక్ లోపల ఏడు జాయింట్లకీ బిగుసుకునే హెడ్‌లు, రెండు చివరలా కేడీ. అదే నా ఓటు. ఎన్‌ఈఎం షాంక్ కేడీలు 17 నుంచి 20 దాకా నాలుగు పొడవుల్లో వస్తాయి, 17 అన్నిటికన్నా పొట్టిది. ఇంజన్ వైపు ముందు 18తో చూడండి, ఇంజన్ మూల కోచ్‌కి తగులుతుంటే 19కి వెళ్లండి. ఎత్తు కంటితో తేల్చకండి, కేడీ 205 గేజ్ పట్టాల మీద పెట్టి చూడాలి. కప్లర్ మధ్య గీత పట్టా పైనుంచి 9.9 మి.మీ.

ఏడు జాయింట్లంటే పద్నాలుగు యూనిట్లు, పద్నాలుగు హెడ్‌లు. చివరలకి కామ్ అక్కర్లేదు, ఫ్లోర్‌కి బిగించిన మామూలు పాకెట్ చాలు. అయితే రేక్‌లో కోచ్‌లు అటూఇటూ మారుస్తుంటే అన్ని చివరలకీ కామ్ పెట్టడమే మేలు, అప్పుడు పదహారు.

మాగ్నెట్ కప్లింగ్‌లు కూడా దొరుకుతున్నాయి. ముఖాలు బల్లపరుపుగా అతుక్కునే రకమైతే కామ్‌తో పనిచేస్తాయి. పెట్టడం తీయడం తేలిక. కానీ ఎనిమిది కోచ్‌ల బరువు మొదటి జాయింట్ మీద పడుతుంది, ఎత్తు ఎక్కేచోట అదే ముందు విడిపోతుంది. మీ లేఅవుట్‌లో గ్రేడియెంట్ ఉంటే రేక్ నిండుగా తగిలించి అక్కడే పరీక్షించాక మిగతావి కొనండి.

ఆకురాయి:
ఇప్పుడు బిగింపు. ముందు రెండు కోచ్‌లు మాత్రమే తీసుకోండి, ఎనిమిదీ ఒకేసారి విప్పేయొద్దు.

ట్రక్‌లు ఊడదీసి, కప్లింగ్ చెయ్యిని ట్రక్ ఫ్రేమ్ అంచుకి సమంగా కోసి ఆకురాయితో నున్నగా చెయ్యండి. ట్రక్ మళ్లీ పెట్టి రెండువైపులా 12 డిగ్రీల దాకా తిప్పి, ఫ్రేమ్ ఎక్కడిదాకా వస్తుందో ఫ్లోర్ మీద పెన్సిల్‌తో గీసుకోండి. ఎల్‌హెచ్‌బీ ట్రక్ సెంటర్ బాడీ చివరనుంచి 49.7 మి.మీ. లోపల ఉంటుంది, దాని ఫియట్ బోగీ (ట్రక్) వీల్‌బేస్, అంటే రెండు ఆక్సిళ్ల మధ్య దూరం, 29.4. అంటే బయటి ఆక్సిల్ చివరనుంచి 35 దగ్గర, దాని చక్రం అంచు 30 దగ్గర. ఫ్రేమ్ ఇంకా ముందుకి ఉంటుంది. యూనిట్‌కి మీకు దొరికే చోటు చివరనుంచి 25 మి.మీ. మాత్రమే అనుకోండి. అంతకన్నా పొడుగు యూనిట్ అయితే ట్రక్ పైన దూరేంత పల్చగా ఉందో లేదో చూడాలి.

ఫ్లోర్ మీద సెంటర్ లైన్ జాగ్రత్తగా గీయండి. ట్రక్ పివట్ రంధ్రాలు రెండిటినీ కలుపుతూ గీయాలి, బాడీ అంచుల నుంచి కొలిచి కాదు. యూనిట్ 0.3 మి.మీ. పక్కకి పోయినా తిన్నటి ట్రాక్ మీద కోచ్ ఒక పక్కకి లాగుతున్నట్టు నిలబడుతుంది. వెస్టిబ్యూళ్లు పెట్టాక అది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

పాకెట్ ఎంత లోపల ఉండాలన్నది హెడ్‌ల బట్టి ఉంటుంది. రెండు హెడ్‌లు కలిపి, పాకెట్లలో పూర్తిగా తోసి, పాకెట్ మూతి నుంచి పాకెట్ మూతికి దూరం కొలవండి. అందులోంచి కావలసిన సందు తీసేసి రెండుతో భాగించండి. ఉదాహరణకి మూతుల మధ్య 14 వస్తే, సందు 5.3 కావాలంటే ఒక్కో పాకెట్ మూతి బాడీ చివరనుంచి 4.35 లోపల. ఈ కొలత తీసేటప్పుడు పాకెట్ కామ్ మధ్యలో పూర్తిగా వెనక్కి కూర్చుని ఉండాలి. మీ లోపలి లూప్ 505 కాబట్టి నేనైతే 5.3 కోసం పట్టుపట్టను, 6 పెడతాను. కంటికి తేడా తెలియదు, క్రాసోవర్ మీద మాత్రం ఆ ముప్పావు మిల్లీమీటరు ఆదుకుంటుంది.

ఎత్తు సరిచూడ్డానికి పాకెట్ ఎత్తు సరిగ్గా ఉందని తెలిసిన ఏదైనా కోచ్ పక్కన పెట్టి, గాజు పలక మీద ఉన్న ట్రాక్ ముక్కపైన పోల్చండి. తక్కువైతే 0.25, 0.5 మి.మీ. స్టైరీన్ (ప్లాస్టిక్) షీట్ ముక్కలు మధ్యలో పెట్టండి. మొదట డబుల్ సైడ్ టేప్‌తో అతికించి నడిపి చూసి, తరవాత 2 మి.మీ. స్క్రూలతో బిగించండి. స్క్రూ ఫ్లోర్ లోపలికి పొడుచుకొస్తే సీట్ల కింద దాక్కుంటుందో లేదో ముందే చూసుకోవాలి. గ్లూ తప్పదంటే అరాల్డైట్ వాడండి, అదీ యూనిట్ వెనక భాగానికే. ఫెవిక్విక్ లాంటివి సన్న సందుల్లోకి పీల్చుకుపోయి కామ్‌ని పట్టేస్తాయి. మళ్లీ విడదీయడం కుదరదు.

స్ప్రింగ్ పరీక్ష: కోచ్ పక్కకి పడుకోబెట్టి పాకెట్‌ని వేలితో తోసి వదలండి. బరువుకి వ్యతిరేకంగా కూడా మధ్యకి తిరిగి రావాలి. రాకపోతే గాడిలో ప్రింటింగ్ గరుకు మిగిలి ఉన్నట్టు. నూనె వెయ్యొద్దు, దుమ్ము పట్టి వారంలో మళ్లీ మొరాయిస్తుంది. మెత్తటి పెన్సిల్ పొడి చాలు.

పాయింట్స్‌మన్:
వెస్టిబ్యూల్ విషయంలో చాలామంది కర్వ్‌లో నలిగిపోతుందని భయపడి బాగా మెత్తటి ఫోమ్ పెడతారు. కామ్ ఉన్న రేక్‌లో జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. వెస్టిబ్యూల్ ముఖం వెడల్పు 16 మి.మీ. అనుకుందాం. 505 కర్వ్‌లో సెంటర్ దగ్గర సందు 10.5 అయినప్పుడు లోపలి అంచుల మధ్య 6 పైచిలుకు, బయటి అంచుల మధ్య 15 దాకా వస్తుంది. తిన్నటి ట్రాక్ మీద ఉన్నదే అన్నిటికన్నా ఇరుకు. కాబట్టి నలగడం సమస్య కాదు, విడిపోవడాన్ని ఎంతవరకు ఒప్పుకుంటామన్నదే ప్రశ్న. కర్వ్‌లో ముఖాలు విడిపోనివ్వండి. బయటి అంచు దాకా సాగాలని పట్టుబడితే స్ప్రింగ్ గట్టిదై, తిన్నటి ట్రాక్ మీద కోచ్‌లని దూరం నెడుతుంది. ఫోమ్ చేసే చెడు కూడా అదే.

కొలత ఇలా: సందు 6 అయితే ఒక్కో వెస్టిబ్యూల్ స్వేచ్ఛగా ఉన్నప్పుడు 3.3 మి.మీ. పొడుచుకు రావాలి. కలిసినప్పుడు మొత్తం అర మిల్లీమీటరు నొక్కుకుంటే చాలు, వెలుతురు కనపడదు.

కాగితం బెల్లోస్ (మడతలుగా సాగే తొడుగు) చేసే తీరు. లోపలిదాకా నలుపు ఉన్న 80 నుంచి 100 జీఎస్‌ఎం కాగితం తీసుకోండి. తెల్ల కాగితానికి రంగు వేస్తే బిరుసెక్కుతుంది, మడత దగ్గర తెల్లగా పగులుతుంది. తలుపు చట్రం ఆకారంలో, అంటే పైన అడ్డం, రెండు పక్కలా నిలువు, కింద తెరిచి ఉండేలా చట్రాలు కత్తిరించండి. పట్టీ వెడల్పు 2.5 మి.మీ. ఒక్కో వెస్టిబ్యూల్‌కి ఎనిమిది. మొదటి రెండూ లోపలి అంచున అతికించండి, రెండు మూడూ బయటి అంచున, మూడు నాలుగూ మళ్లీ లోపలి అంచున, ఇలా మారుస్తూ పోవాలి. అంటు పట్టీ అర మిల్లీమీటరుకి మించొద్దు. ఫెవికాల్‌ని అగ్గిపుల్ల కొనతో రాసుకోండి, ఎక్కువైతే రెండు మడతలు కలిసి అతుక్కుపోతాయి. ఆరేదాకా బరువు కింద పెట్టి, తరవాత ఒకసారి మెల్లగా సాగదీసి వదిలేయండి, సుమారు 3 మి.మీ. దగ్గర కుదురుకుంటుంది.

ముందు ముఖానికి 0.5 మి.మీ. స్టైరీన్ పలక. దాని నిలువు అంచులు తప్పనిసరిగా వెనక్కి గుండ్రంగా రుద్దండి. కారణం: ఒక కోచ్ పూర్తిగా 505 కర్వ్‌లోకి వెళ్లి, వెనకది ఇంకా తిన్నగా ఉన్న క్షణంలో ముందు కోచ్ చివర 8 మి.మీ. పైగా పక్కకి జరుగుతుంది. మీ క్రాసోవర్ మీద రెండు కోచ్‌లు చెరో పక్కకి వెళ్తాయి కాబట్టి అక్కడ కూడా దగ్గరదగ్గర 9 దాకా రావచ్చు. వెస్టిబ్యూల్ సగం వెడల్పు అంతా జారిపోయినట్టే. తిరిగి వచ్చేటప్పుడు పదునైన అంచు అంచుకి తగిలితే పలక ఊడుతుంది, లేదా తేలిక కోచ్ చక్రం పైకి లేస్తుంది. ముఖాల మీద 6బి పెన్సిల్ రుద్ది వేలితో మెరుగుపెడితే జారుడు బాగుంటుంది. ముఖాల్లో చిన్న మాగ్నెట్లు పెట్టి అతికించే పద్ధతి ఉంది కానీ, పక్కకి ఇంత జారాల్సిన చోట నేను సిఫారసు చెయ్యను.

చూపు గురించి ఒక మాట. మడతల బెల్లోస్ ఐసీఎఫ్‌లకి (పాత రకం కోచ్‌లకి) నప్పుతుంది. ఎల్‌హెచ్‌బీల్లో ఎక్కువగా కనిపించేది పక్కలా పైనా లావుపాటి రబ్బరు గొట్టం ఉన్న రకం. కాగితం బెల్లోస్ మీద ముఖం పలకకి పల్చటి నల్ల సిలికాన్ గొట్టం మూడు వైపులా అతికిస్తే దగ్గరగా వస్తుంది. గొట్టం మందం 3.3లోంచి తీసేసి మడతలు తగ్గించుకోండి. గొట్టం గుండ్రటిదే కాబట్టి అంచు తగులుకునే బాధ కూడా తప్పుతుంది. సిలికాన్‌కి మామూలు గ్లూ పట్టదు. పైన కొసలూ కింద కొసలూ సన్న రాగి తీగతో పలకకి కుట్టేయడం ఖాయమైన పని.

లూప్‌లైన్:
చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. రెండు అనుమానాలు. రెండు కోచ్‌లకి ఫ్లోర్ కిందే బరువు పలక వేసి ఉంది, యూనిట్‌కి చోటు తక్కువ. కామ్ లేకుండా వాటిని శాశ్వతంగా జత కట్టేయొచ్చా? రెండోది, ఇదే పద్ధతిలో ఐసీఎఫ్ రేక్ కూడా చెయ్యాలనుంది. దానికి కొలతలు మారతాయా?

ఆకురాయి:
కట్టేయొచ్చు. 0.8 మి.మీ. ఇత్తడి తీగతో రెండు కొసలా కన్నులున్న కడ్డీ చేసి, ఫ్లోర్‌లో స్క్రూకి తగిలించండి. స్క్రూ మీద కన్ను వదులుగా తిరగాలి. సందు ఎంత పెట్టాలన్నది స్క్రూ బాడీ చివరనుంచి ఎంత లోపల ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ కర్వ్‌లో బాడీలు కొంచెం దూరం జరుగుతాయి. 505 మీద స్క్రూ 20 లోపల ఉంటే తిన్నటి ట్రాక్ సందు 9 మి.మీ. పెట్టాలి, 25 లోపల ఉంటే 8.6. 35 దాకా వెళ్తే 7.9కి దిగుతుంది కానీ ఆ చోటు సరిగ్గా బయటి ఆక్సిల్ మీద పడుతుంది, కడ్డీ కింద చక్రం ఆడదు. 25 దగ్గర ఆగిపోండి. చివరి అంచులో కడ్డీ ఊగడానికి సెంటర్‌కి చెరోపక్కా 8 మి.మీ. ఖాళీ ఉండాలి, క్రాసోవర్ కోసం ఇంకో 2 కలపండి. ఎయిర్ పైపులు, స్టెప్పుల బ్రాకెట్లు అక్కడ అడ్డొస్తే ముందే జరపాలి.

8.6 సందుకి బెల్లోస్ ఒక్కొక్కటి 4.5 పొడవు చేస్తే పక్కనుంచి చూసేవాళ్లకి రేక్‌లో ఏది కామ్ జాయింటో ఏది కడ్డీయో పట్టుకోవడం కష్టం. ఫొటో తీసేవాళ్లకి మాత్రం దొరికిపోతారు.

దక్షిణమధ్య:
ఐసీఎఫ్‌కి లెక్క పూర్తిగా వేరు. బాడీ 21,337, బఫర్లతో కలిపి 22,297. అసలు సందే 960 మి.మీ., హెచ్‌ఓలో 11. మీ 505 కర్వ్ మీద మూలలు తగలకుండా ఉండాలంటే కావలసింది 9.4 మాత్రమే. స్క్రూ కప్లింగ్, బఫర్లు ఉన్న ఐసీఎఫ్ రేక్‌కి కామ్ అవసరమే లేదు. బాడీకి బిగించిన కడ్డీయో, పాకెట్‌లో బిగుసు హెడ్‌లో చాలు, స్కేల్ సందు వచ్చేస్తుంది. డబ్బు అక్కడ మిగుల్చుకోండి.

ఐసీఎఫ్‌లో ఇబ్బంది పెట్టేది బఫర్లు. వాటి సెంటర్ల మధ్య 1,956 మి.మీ., మోడల్‌లో 22.5. తిన్నటి ట్రాక్ మీద బఫర్లు ముద్దుపెట్టుకునేలా 11 సందు పెడితే, 505 మీద లోపలి బఫర్లు ఒకదాంట్లోకి ఒకటి 4 మి.మీ. పైగా దూరాలి. దూరలేవు కాబట్టి కోచ్ బయటి పట్టా మీదికి ఎక్కుతుంది. మార్గాలు రెండే: 2.5 మి.మీ. లోపలికి వెళ్లే స్ప్రింగ్ బఫర్లు వెయ్యడం, లేదా రేక్ లోపలి బఫర్లని అంత మేర పొట్టి చెయ్యడం. స్ప్రింగ్‌లు మెత్తగా దొరక్కపోతే రెండోదే నయం, వెస్టిబ్యూల్ నీడలో ఆ తేడా కనిపించదు. రేక్ రెండు చివరల బఫర్లు పూర్తి పొడవు ఉంచండి. ఇంకోటి, క్రాసోవర్ మీద బఫర్ పళ్లెం ఎదుటిదాని వెనక్కి దూరి చిక్కుకోకుండా పళ్లేల ముఖాలు బల్లపరుపుగా కాక కొద్దిగా ఉబ్బుగా ఉండాలి.

పాయింట్స్‌మన్:
ఫ్లోర్ కింద బరువు పలక తీసే పని పడితే, తీసినంత బరువు మళ్లీ ఎక్కడో పెట్టాలి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) సిఫారసు హెచ్‌ఓలో 1 ఔన్సు, దానిమీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. 270 మి.మీ. కోచ్‌కి సుమారు 180 గ్రాములు. అది కూడా ఫ్లోర్ దగ్గర, రెండు ట్రక్‌ల మీదికి సమంగా. ఎనిమిదింటినీ తూకం వేసి, నెట్టేటప్పుడు తేలికవి మధ్యలో ఇరుక్కోకుండా ఇంజన్‌కి దూరంగా ఉండే చివర చేర్చండి.

పరీక్ష వరస కూడా మార్చకండి. మొదట వెస్టిబ్యూళ్లు లేకుండా రెండు కోచ్‌లని చేత్తో నెడుతూ 505 లూప్ మీద, తరవాత క్రాసోవర్ మీద రెండు దిశల్లోనూ. మూలల మధ్య 0.5 మి.మీ. స్టైరీన్ ముక్క దూరుతూ ఉండాలి. అది నెగ్గాకే వెస్టిబ్యూళ్లు. వాటితో మళ్లీ అదే. పట్టాలు తప్పితే ముందు వెస్టిబ్యూల్ ఒకవైపు తీసి చూడండి. అప్పుడూ తప్పుతుంటే దోషం కప్లింగ్ ఎత్తులోనో సెంటర్ లైన్‌లోనో ఉంది. ఎప్పుడూ ఒకే కర్వ్ మొదట్లో తప్పుతుంటే ట్రాక్ జాయింట్ చూడండి, కోచ్‌ని తిట్టకండి.

రోకో, ప్రొఫి హెడ్‌లు పక్కకి లాగితే విడిపోవు. కోచ్ తీసేటప్పుడు బాడీ పట్టుకుని నిటారుగా పైకి ఎత్తాలి. వెస్టిబ్యూళ్లు వేశాక వేళ్లు దూరే చోటు ఉండదు కాబట్టి, ఎత్తేముందు పల్చటి స్టైరీన్ పట్టీ రెండు ముఖాల మధ్య జార్చండి. లేకపోతే కాగితం మడతలు ఎదుటి పలక వెంట లేచి వచ్చేస్తాయి.

లూప్‌లైన్:
పద్నాలుగు బదులు ముందు నాలుగు యూనిట్లే తెప్పిస్తున్నాను, రెండు జాయింట్లకి. సందు 6. బరువు పలక ఉన్న జతకి ఇత్తడి కడ్డీ. దక్షిణమధ్య గారూ, కేడీ 18 పెడితే ఐసీఎఫ్ చివరి కోచ్ బఫర్లు ఇంజన్ బఫర్లకి తగలవు కదా?

దక్షిణమధ్య:
తిన్నటి ట్రాక్ మీద తగలవు, 505 మీద తగలొచ్చు. ఇంజన్ బఫర్‌కీ కోచ్ బఫర్‌కీ మధ్య తిన్నగా ఉన్నప్పుడే 4.5 మి.మీ. ఖాళీ ఉందేమో కొలవండి. అంతకన్నా తక్కువైతే 19 పెట్టేయండి.